95 మోడల్ జిప్సీకి ఎంపీఎఫ్ఐ ఇంజిన్ ఎక్కిస్తన్నాం, వైరింగ్, ఈసీయూ ఏది పెట్టమంటారు?

ఉద్దానం_జిప్సీ

అందరికీ నమస్కారం అన్నా. మాది మందస దగ్గర పల్లె. నాన్నగారిది 95 మోడల్ జిప్సీ, ఏపీ 30 నంబరు, 970 సీసీ కార్బురేటర్ ఇంజిన్. తోటకెళ్ళాలన్నా జీడిపిక్కల బస్తాలు తేవాలన్నా ఇదే బండి, ట్రాక్టరు దిగబడిపోయే ఇసకలోంచి కూడా ఇది వచ్చేస్తాది, అందుకే అమ్మడానికి మనసొప్పట్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను అప్పుడు షెడ్డు రేకులు ఎగిరిపోయి బండి రెండు రోజులు వానలో నానిపోయింది, అప్పట్నుంచి వైరింగ్‌లో రోజుకో తగాదా, ఇప్పుడు ఇంజిన్ కూడా అయిపోయింది, బోర్ అరిగిపోయి పెట్రోలుతో సమానంగా ఆయిల్ తాగేస్తంది.

జిప్సీ కింగ్ నుంచి దించిన 1.3 ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు పోసేది), జీ13బీబీ, గేరుబాక్సుతో సహా కొన్నాం. మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ మా మేస్త్రి చూసుకుంటానన్నాడు, ఆ పని మీద నాకు బెంగ లేదు. బెంగంతా వైరింగ్ గురించే. తుక్కు షాపులో ఇంజిన్ దించేటప్పుడు కప్లర్లు విప్పే ఓపిక లేక వైరింగ్ మొత్తం కటింగ్ ప్లయర్‌తో ఒక్క కోత కోసేశారు. ఇంజిన్ మీద మూరెడు వైర్లు వేలాడతన్నాయి, అవతలి సగం లేదు, ఈసీయూ, అదే ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు డబ్బా, అదీ లేదు. ఈసీయూ వేరేగా తెప్పిస్తాం అంటన్నారు.

ఇప్పుడు ముగ్గురు మూడు మాటలు చెప్తన్నారు. మా ఎలక్ట్రీషియన్ వేరే ఈసీయూ వస్తే తెగిన వైర్లు రంగు చూసి కలిపేద్దాం అంటన్నాడు. బెంగళూరులో ఉన్న మా మేనబావ పాత ఈసీయూ జోలికే వెళ్ళకు, స్టాండలోన్ ఈసీయూ, అంటే కంపెనీది కాకుండా సెట్టింగులు మనమే నింపుకునే విడి ఈసీయూ పెట్టించు, కొత్త వైర్లు లాగించు, పవరు కూడా పెరుగుతాది అంటన్నాడు. మేస్త్రి అయితే ఎంపీఎఫ్ఐ అంతా పీకేసి కార్బురేటర్ పెట్టేద్దాం, తోటలో ఆగిపోతే ఏ లాప్‌టాప్ తెస్తావు అంటన్నాడు. మూడూ నిజమే అనిపిస్తన్నాయి. ఈ జిల్లాలో, మన రోడ్ల మీద, ఉప్పుగాలిలో తిరిగే బండికి ఏది నిలబడుతాదో చేసినోళ్ళు చెప్పండి.


ఇజీనారం_వైర్లు

తమ్ముడూ, ముందుగా ఒక్క మాట, ఆ తెగిన వైర్లు మాత్రం కలపనివ్వకు. నాది ఆటో ఎలక్ట్రికల్ పనే, కోట దగ్గర చిన్న షెడ్డు, ఇరవై ఏళ్ళు దాటింది. రంగు చూసి కలిపేస్తాం అన్న బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. పాత వైరు మీద నలుపు మీద ఎర్ర గీత, గోధుమ రంగు మీద ఎర్ర గీత రెండూ మట్టిపట్టి ఒక్కలాగే కనిపిస్తాయి. సెన్సర్‌కి వెళ్ళే 5 వోల్టుల వైరులో పొరపాటున 12 వోల్టులు పడితే అక్కడికక్కడే ఈసీయూ పోతాది, పొగ కూడా రాదు, ఏమయిందో నీకు తెలియదు.

ఇంకోటి, అది బయటికి కనిపించదు. కోసిన చివర్న ఇన్సులేషన్ ఒక అంగుళం గీకి చూడు. లోపల రాగి మెరుస్తా ఉంటే సరే. నల్లగా గానీ, పచ్చగా కిలుం పట్టి గానీ ఉంటే ఇంకో అంగుళం గీకు. మన సముద్రం పక్క బండ్లలో నేను మూర పొడుగు గీకినా నలుపు తగ్గని వైర్లు చూశాను, ఉప్పుతేమ రాగి పోగుల సందుల్లోంచి లోపలికి పాకేస్తాది. అలాంటి వైరుకి సోల్డర్ అంటదు, క్రింప్ చేసినా ఆర్నెల్లకి మళ్ళీ మొదలు.

నా సలహా ఏటంటే ఆ తుక్కాయన్ని ఈసీయూ ఒక్కటే అడక్కు. ఒకే బండిలోంచి తీసిన మొత్తం సెట్టు అడుగు, అంటే ఈసీయూ, ఇంజిన్ వైరింగ్ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు) ఇవతల అవతల కలిపి, మెయిన్ రిలే, పంపు రిలే, థ్రాటిల్ బాడీ మీద ఉండే థ్రాటిల్ సెన్సర్ కప్లరుతో సహా. ఈసీయూ స్టిక్కర్ మీద నంబరు ఆ ఇంజిన్‌కి సరిపోయేదేనా చూసుకో. ఆ బండి ఐక్యాట్స్ ఉన్నదైతే, అంటే తాళంచెవిలో చిప్పు ఉన్నదైతే, ఆ తాళంచెవి, ఇగ్నిషన్ చుట్టూ ఉండే రింగు కాయిల్, ఇమ్మొబిలైజర్ డబ్బా కూడా కావాలి. అవి లేకుండా ఈసీయూ తెచ్చుకుంటే సెల్ఫ్ తిరుగుతాది, బండి మాత్రం అందుకోదు, నువ్వు ఇంజిన్‌ని తిట్టుకుంటా ఉంటావు. ఐక్యాట్స్ రాకముందు బండిది దొరికితే నీ పని సగం తేలిక.

సెట్టు వచ్చాక బండి మీద పని మొదలెట్టొద్దు. ఇంట్లో నేల మీద చాప పరిచి వైరింగ్ మొత్తం విప్పి పరుచుకో, ప్రతి కప్లరుకి మాస్కింగ్ టేపు కట్టి పేరు రాసుకో, ఆ తర్వాత ఏది అక్కర్లేదో చూడు. ఏసీ వైరు, హెడ్‌లైట్ బ్రాంచి లాంటివి తీసేయొచ్చు. తీసేటప్పుడు మొదలు దగ్గరనుంచీ తియ్యాలి, మధ్యలో కోసి టేపు చుట్టి ఒగ్గేస్తే రేపు అదే ఎర్త్ అయి ఫ్యూజు కొట్టేస్తాది. తీరా చూస్తే నీ ఇంజిన్‌కి కావలసిన వైర్లు ఒక చేతి పిడికిట్లో పడతాయి.


సాలూరు_ఘాట్

నేను మీ మేస్త్రి పక్షం. మా ఊరు లారీల ఊరు, చిన్నప్పట్నుంచి ఘాట్ రోడ్డులో ఆగిపోయిన బండ్లే చూశాను. కోరాపుట్ వైపు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగితే కార్బురేటర్ బండికి జెట్ విప్పి నోటితో ఊది బిగిస్తే కిందకి దిగిపోవచ్చు. ఈసీయూ పోతే ఏటి ఊదుతావు? నాకు ఎంపీఎఫ్ఐ మీద కోపమేం లేదు, కానీ తోటలో, కొండ కింద వాడే బండికి చేత్తో బాగుచేసుకునేదే ఉండాలని నా మనసుకి గట్టిగా అనిపిస్తాది. మా బాబాయి జిప్సీ ఇప్పటికీ కార్బురేటర్ మీదే ఉంది, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లారీ మీద ఇంటికి రాలేదు.


ఇజీనారం_వైర్లు

సాలూరు అన్నా, మీరు చెప్పింది 970కి, పాత 1.3 ఎనిమిది వాల్వుల ఇంజిన్‌కి అక్షరాలా నిజం. తమ్ముడు కొన్నది పదహారు వాల్వులది. ఆ హెడ్డుకి పాత కార్బురేటర్ మానిఫోల్డ్ కూర్చోదు, లేతులో కొత్తది చేయించాలి. అది చేయించినా స్పార్క్ ఎప్పుడివ్వాలో కూడా ఈసీయూనే చెప్తాది, దాన్ని పీకేస్తే ఇగ్నిషన్ కోసం మళ్ళీ వేరే ఏర్పాటు. అంత చేసేబదులు కార్బురేటర్ ఇంజినే కొనుక్కోవలసింది, ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. పైగా మందస నుంచి మహేంద్రగిరి వైపు కొండెక్కితే గాలి పల్చబడతాది, కార్బురేటర్ అక్కడ పెట్రోలు ఎక్కువ పోస్తాది, ఎంపీఎఫ్ఐ అయితే మ్యాప్ సెన్సర్ గాలి ఒత్తిడి చూసి తనే తగ్గించుకుంటాది. బాగా వాలుగా ఎక్కేటప్పుడు ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు ఒక పక్కకి వెళ్ళి ఇంజిన్ దగ్గడం మీకూ తెలిసిందే కదా అన్నా.


సాలూరు_ఘాట్

హెడ్డు సంగతి నిజమే, పదహారు వాల్వులది అని నేను చూసుకోలేదు. అలాగైతే ఒరిజినల్ ఈసీయూనే పెట్టుకో తమ్ముడూ. కానీ ఒక స్పేరు పంపు రిలే, నాలుగు ఫ్యూజులు, ఒక టెస్ట్ ల్యాంపు డాష్‌బోర్డులో పెట్టుకో. రోడ్డు మీద ఆపేసేవి ఎక్కువగా అవే.


ముప్పైఆరు_మైనస్_ఒకటి

స్టాండలోన్ పెట్టినవాణ్ణి కాబట్టి నేను చెప్పాలి. నాది పాత మారుతి 800, విజయనగరంలోనే ఉంటుంది, దాంట్లో ఎస్టీమ్ ఇంజిన్ పెట్టి స్పీడ్వీనోతో నడుపుతున్నాను. అది ఆర్డ్వీనో మెగా బోర్డు మీద కట్టే ఓపెన్ సోర్స్ ఈసీయూ, సర్క్యూట్ బొమ్మలన్నీ బయటే దొరుకుతాయి, సోల్డరింగ్ వస్తే మనమే కట్టుకోవచ్చు. క్రాంక్ పుల్లీకి 36 పళ్ళ చక్రం, అందులో ఒక పన్ను తీసేసి, దాని ముందు సెన్సర్ పెట్టాను, ఆ ఖాళీ ఎప్పుడు దాటిందో చూసి క్రాంక్ ఎక్కడుందో ఈసీయూ లెక్క కట్టుకుంటుంది. నా పేరు కూడా అక్కణ్ణుంచే వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. బండి స్టార్ట్ అవడానికి ఒక్క ఆదివారం పట్టింది, సరిగ్గా నడవడానికి నాలుగు నెలలు పట్టింది. ఎందుకంటే కంపెనీ ఈసీయూలో చల్లగా ఉన్నప్పుడు ఎంత పెట్రోలు, ఏసీ వేస్తే ఐడిలింగ్ ఎంత పెంచాలి, యాక్సిలరేటర్ ఠక్కున తొక్కితే ఎంత ఎక్కువ పొయ్యాలి, అదంతా వాళ్ళు వేల గంటలు కూర్చుని నింపేసిన పట్టికలు. మన దగ్గర ఆ పట్టికలు ఖాళీ. ఒక్కో గడీ మనం నింపాలి. దానికి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ తప్పనిసరి, మామూలు సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ పెట్రోలు ఎక్కువా తక్కువా అని మాత్రమే చెప్తుంది, ఎంత ఎక్కువో చెప్పదు. నేను తెల్లవారుజామున చీపురుపల్లి రోడ్డు మీద పక్కన లాప్‌టాప్ పట్టుకుని తమ్ముడు కూర్చుంటే ఒక గేరులో ఒక స్పీడు పట్టుకుని ఆ గడీలు నింపుకుంటూ పోయేవాళ్ళం. నాకు ఆ పనంటే ప్రాణం, ఒక్కో గడీ సర్దుకున్నప్పుడు ఇంజిన్ శబ్దం మారడం వింటే వచ్చే ఆనందం మాటల్లో చెప్పలేను. కానీ పిక్కల బస్తాలు మోసే బండికి ఆ నాలుగు నెలలు ఎవరిస్తారు? సీజన్ ఆగుతుందా?

టర్బో పెట్టినా, క్యామ్ మార్చినా, ఒరిజినల్ ఈసీయూ ఎక్కడా దొరక్కపోయినా స్టాండలోన్ పెట్టుకోండి, మామూలు ఇంజిన్‌ని మామూలుగా నడపడానికి ఒరిజినల్ ఈసీయూని మించింది లేదు. మీ మేనబావ చెప్పిన పవరు పెరగడం కూడా ఈ ఇంజిన్ మీద మీకు తెలిసేంత ఉండదు. ఖర్చు కూడా చెప్తాను, ఈసీయూ, వైడ్‌బ్యాండ్, వైర్లు, కప్లర్లు కలిపితే నాకు ఇంజిన్ కొన్న డబ్బు దాటిపోయింది.


ఉద్దానం_జిప్సీ

అందరికీ చాలా థాంక్స్ అన్నా. ఇజీనారం అన్న చెప్పినట్టు ఆ మూరెడు వైర్లు గీకి చూశాను, మూడో అంగుళం దాకా నలుపే. ఫొటో తీసి మా ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే ఆయనే వద్దులే అన్నాడు.

పది రోజులు తిరిగితే గాజువాక ఆటోనగర్‌లో మొత్తం సెట్టు దొరికింది, తాళంచెవి చిప్పు లేని బండిదే. వెనకనుంచి గుద్దేసిన బండి, ఇంజిన్ వైపు దెబ్బ లేదు. ఇప్పుడు మా వరండాలో చాప మీద పరిచి ఉంది, మా అమ్మ రెండు రోజులుగా దాటుకుని నడుస్తంది. రెండు సందేహాలు. ఒకటి, పాత బండికి ఇంజిన్ పక్కన మెకానికల్ పెట్రోల్ పంపు ఉంది, ట్యాంకులో ఏమీ లేదు, దీనికి ఏం చెయ్యాలి? రెండు, స్పీడ్ సెన్సర్ అని ఒక వైరు ఉంది, నా మీటరు కేబులుతో తిరిగేది, దాన్ని వదిలేయొచ్చా?


ఇజీనారం_వైర్లు

పంపు విషయంలో పిసినారితనం చెయ్యకు తమ్ముడూ. కార్బురేటర్ పంపు ఇచ్చేది పావు బార్ లెక్కన, ఇంజెక్టర్లకి రెండున్నర, మూడు బార్ కావాలి. పది రెట్లు. జిప్సీ కింగ్ ఎంపీఎఫ్ఐ ట్యాంకు పంపుతో సహా దొరికితే కొలత చూసుకుని అదే పెట్టేయ్, అన్నిటికంటే నమ్మకం. దొరక్కపోతే బయట పంపు, దానికి ముందు ఎప్పుడూ పెట్రోలు నిండి ఉండే చిన్న సర్జ్ ట్యాంకు పెట్టాలి, లేకపోతే ట్యాంకులో పెట్రోలు తక్కువున్నప్పుడు నీ ఇసక గుంటల్లో బండి ఒరిగితే పంపు గాలి పీల్చేసి ఇంజిన్ ఆగిపోతాది. ట్యాంకుకి తిరిగొచ్చే రిటర్న్ లైను కూడా చూసుకో. రబ్బరు పైపులు మాత్రం ఇంజెక్షన్ పైపులే వాడాలి, పాత పైపు ఉందిగా అని వాడితే ఆ ఒత్తిడికి పగిలి వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతాది. బండి కాలిపోతాది, నేను చూశాను, అందుకే ఇంతలా చెప్తన్నాను.

పంపుకి కరెంటు తిన్నగా ఇగ్నిషన్ నుంచి ఇవ్వొద్దు. ఈసీయూ నడిపే రిలే ద్వారానే ఇవ్వాలి. కీ ఆన్ చేస్తే పంపు రెండు మూడు సెకండ్లు గుయ్యిమని ఆగిపోతాది, ఇంజిన్ తిరిగితేనే మళ్ళీ మొదలవుతాది. ఎప్పుడైనా బండి బోల్తాపడి ఇంజిన్ ఆగిపోతే పంపు కూడా దానంతటదే ఆగాలి కదా, ఆ రక్షణ తీసెయ్యొద్దు. పంపు వైరు రెండున్నర స్క్వేర్ ఎమ్ఎమ్, 15 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీ దగ్గర్లోనే పెట్టు.

స్పీడ్ సెన్సర్ లేకపోయినా బండి నడుస్తాది, కానీ నడుస్తా ఉన్న బండి బ్రేకు కొట్టి క్లచ్ నొక్కినప్పుడు ఐడిలింగ్ పడిపోయి ఆగిపోవచ్చు, చెక్ ఇంజిన్ లైటు కూడా వెలుగుతాది. పాత సుజుకీల్లో కేబుల్ మీటరు లోపలే చిన్న రీడ్ స్విచ్ పెట్టి ఈసీయూకి స్పీడు చెప్పేవాళ్ళు. కింగ్ మీటరు దొరికితే తిరగేసి చూడు, కేబులు వచ్చే చోట పక్కన రెండు వైర్లు ఉంటాయేమో.

ఇక ఎర్త్. తొంభై ఐదు నాటి బాడీ, తుప్పు ఉంటాది. ఇంజిన్ బ్లాక్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి కొత్త మందపాటి పట్టీ, ఛాసిస్‌కి ఇంకోటి. ఈసీయూ ఎర్త్‌లు ఒరిజినల్‌గా ఇంజిన్ మీద ఎక్కడ బిగించారో అక్కడే బిగించు, బాడీ మీద రేకు స్క్రూకి కాదు. మల్టీమీటరు ఒక కాలు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కాలు ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు, 0.2 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ బాలేనట్టే.


మెల్లగా_వెళ్ళు

వైరింగ్ గురించి పెద్దలు చెప్పేశారు, కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది, ఇంజిన్ మార్పు ఆర్టీవో ఆఫీసుకి తెలియాలి. ముందు అనుమతి అడిగి చేస్తే మంచిది, మార్చాక 14 రోజుల్లోపు ఆర్సీతో సహా రిపోర్ట్ చేసి కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. ఇంజిన్ కొన్న బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోండి. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఎలాగూ ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కి వెళ్తారు, అక్కడ నంబరు కలవకపోతే ఇబ్బంది పడతారు, ఇన్సూరెన్సు కూడా పనికిరాకుండా పోవచ్చు.


ఉద్దానం_జిప్సీ

అనుమతికి కాగితం పెట్టాం. ఇంజిన్ ఎక్కింది, వైరింగ్ ఎక్కింది, కింగ్ ట్యాంకు కూడా దొరికింది. నిన్న మొదటిసారి కీ తిప్పాం. పంపు గుయ్యిమంది, అందరం నవ్వాం. సెల్ఫ్ కొడితే తిరుగుతంది, తిరుగుతంది, అందుకోదు. విసుగొచ్చి కీ వదిలేసిన క్షణంలో డబ్ మని ఒక్కసారి పేలి ఆగిపోద్ది. పదిసార్లు చేశాం, పదిసార్లూ అంతే. కీ వదిలేటప్పుడు మాత్రమే. స్పార్క్ ఉంది, పెట్రోలు వస్తంది. మా ఎలక్ట్రీషియన్ ఈసీయూ పోయింది అంటన్నాడు. ఆటోనగర్‌లో అడిగితే ఇంకో ఈసీయూ ఉంది కొనుక్కో అంటన్నారు. రాత్రంతా నిద్ర పట్టలేదన్నా.


ఇజీనారం_వైర్లు

కొనకు, కొనకు. ఈసీయూ బాగానే ఉంది. నువ్వు రాసిన ఆ ఒక్క ముక్క, కీ వదిలేటప్పుడు మాత్రమే అన్నావు చూడు, దాంట్లోనే ఉంది అంతా. ఈసీయూ మెయిన్ రిలేకి ఇగ్నిషన్ కరెంటు ఏ వైరు నుంచి తీశారు? రేడియో, ఫ్యాన్ నడిచే వైరు నుంచి తీసుంటారు. ఆ వైరుకి కీ ఆన్‌లో కరెంటు ఉంటాది, సెల్ఫ్ కొట్టేటప్పుడు పోతాది, బ్యాటరీ బలమంతా స్టార్టరుకి వెళ్ళాలని కంపెనీ వాళ్ళే అలా పెడతారు. నువ్వు సెల్ఫ్ కొట్టినంతసేపూ నీ ఈసీయూ నిద్రపోతంది, కీ వదలగానే లేచి, ఇంకా తిరుగుతా ఉన్న ఇంజిన్‌కి ఒక్క స్పార్క్ ఇస్తంది.

టెస్ట్ ల్యాంపు ఆ రిలే పిన్ను మీద పెట్టి ఒకళ్ళు సెల్ఫ్ కొట్టండి. లైటు ఆరిపోతే అదే తప్పు. ఇగ్నిషన్ స్విచ్ వెనక కప్లరులో ఆన్‌లోనూ సెల్ఫ్‌లోనూ రెండిట్లోనూ వెలిగే పిన్ను ఒకటి ఉంటాది, పాత ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంటు వెళ్ళింది దాన్నుంచే. దానికి మార్చు.


ఉద్దానం_జిప్సీ

అన్నా లైటు ఆరిపోయింది! మీరు చెప్పినట్టే ఫ్యాన్ వైరు నుంచి తీశాడు. పాత కాయిల్‌కి వెళ్ళే వైరు వెతికి దానికి మార్చాం, సగం తిప్పుకే అందుకుంది. నాన్నగారు వీధిలోంచి పరిగెత్తుకొచ్చారు, ఇన్నాళ్ళూ ఏమీ మాట్లాడని మనిషి బానెట్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్ దానంతటదే దిగింది, ఎర్త్ కొలిస్తే 0.1 చూపించింది.

ఇవాళ పొద్దున్న పలాస దాకా హైవే మీద తిప్పి తెచ్చాం, ఎక్కడా మిస్సింగ్ లేదు. మూడో గేరులో లాగేది ఇప్పుడు నాలుగో గేరులో లాగుతంది. చెక్ ఇంజిన్ లైటు మాత్రం వెలుగుతంది, కింగ్ మీటరు ఇంకా దొరకలేదు, స్పీడ్ సెన్సర్‌దే అనుకుంటన్నాను.


ఇజీనారం_వైర్లు

మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు. అనుకోవద్దు, చూసుకో. పాత సుజుకీల్లో డయాగ్నస్టిక్ కప్లరులో రెండు పిన్నులు చిన్న వైరుతో కలిపితే ఆ లైటే మినుకుతా లెక్క చెప్తాది, ఒకసారి మినుకు, ఆగి, రెండుసార్లు మినుకు, అలా వస్తే 12, ఏ తప్పూ లేనట్టు. వేరే అంకె వస్తే ఇక్కడ రాయి. ఏ పిన్నులు కలపాలో ఆ కప్లరు ఫొటో పెట్టు, చూసి చెప్తాను, ఊహించి కలపకు.